పో అన్నదెవరు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా గర్శకుర్తిలో అందరికీ తెలుసు. కానీ ఈసారి తప్పు నాది కాదు. కరీంనగర్‌లో ఎర్ర లైటు దాటి బండి పోనిచ్చింది మా ఆయన సిద్దిరాములు, నింద మాత్రం నా మీద పడింది.

చలాను మా బిడ్డ ప్రవళిక ఫోన్‌కు వచ్చింది. చౌరస్తాలో కెమెరా తీసిన ఫోటో కూడా ఉంది. అది చూసి మా ఆయన మొహం ముడుచుకుపోయింది. ముప్పై ఏళ్లుగా బండి నడుపుతూ పోలీసుతో ఒక్క మాట పడని మనిషి. కట్టేద్దాం బాపూ అని బిడ్డ అంటే ససేమిరా అన్నాడు. చలాను తప్పని అర్జీ పెడతాడట. ఆ సాయంత్రం ఎండ కళ్లల్లో కొట్టి లైటు కనిపించలేదట, వెనుక కూర్చున్న భార్యను చూసి చెప్పమన్నాడట, ఆమె పో అంటేనే పోయాడట. ఇదంతా కాగితం మీద రాసి, సాక్షిగా నన్ను సంతకం పెట్టమన్నాడు.

లైటు చూసి చెప్పమన్నది నిజం. నేను పో అన్నది మాత్రం పచ్చి అబద్ధం. అనలేదని నెత్తీ నోరూ కొట్టుకున్నా ఒప్పుకోలేదు.

“నా చెవులార ఇన్న కమలా. నువ్వు పో అన్నవ్,” అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. అసలు ఈ మనిషికి నా మాటంటే లెక్కే లేదు. రెండేళ్లుగా ఇదే వరస. ఏం చెప్పినా ఊఁ అంటాడు, ఉప్పు తెమ్మంటే పప్పు తెస్తాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టేనని ఎన్నిసార్లు ఎత్తిపొడిచానో. మూడు రోజులు మాటలు బంద్ చేశాను. సంతకం పెట్టకపోతే ఆయన మాట ఒట్టిదైపోతుంది, పెడితే నేను అబద్ధాలకోరునవుతాను. పెట్టేదే లేదన్నాను.

నాలుగో రోజు ప్రవళిక, అర్జీకి రేపే ఆఖరు, ఏదో ఒకటి తేల్చండి అంది. ఆఫీసర్ పిలిచి ఇద్దరినీ అడుగుతాడని కూడా చెప్పింది. ఆ ఫోటో ఇంకోసారి చూపించమన్నాను. వేళ్లతో పెద్దది చేసి ఇచ్చింది.

ఫోటోలో నేను లైటు వైపు చూడటమే లేదు. మొహం రోడ్డు పక్కకు తిరిగి ఉంది, చెయ్యి పైకి లేచి ఉంది, నోరు తెరిచి ఉంది. అప్పుడు గుర్తొచ్చింది. రోడ్డు పక్కన సీతాఫలాల గంప ముందు పోశవ్వ కూర్చుని ఉంది. చిన్నప్పుడు నా పక్కన కూర్చుని బీడీలు చుట్టిన పోశవ్వ. దాన్ని చూసి పట్టలేక ‘పోశవ్వా’ అని కేకేశాను. అంతలోనే బండి ముందుకు దూకింది. భయంతో ఆయన్ని తిట్టడంలో పడి పోశవ్వ సంగతే మరిచిపోయాను.

పోశవ్వా అంటే ఈయన పో ఒక్కటే విన్నాడు. చెవి పక్కనే అంత గట్టిగా అరిచినా అంతే విన్నాడు. ముప్పై ఏళ్లు మరమగ్గాల షెడ్డులో, ఆ చప్పుడు మధ్య నిలబడ్డ మనిషి. టీవీ పెద్దగా పెట్టుకోవడం, నేను మాట్లాడుతుంటే నా పెదాల వైపు చూడటం, నలుగురిలో కూర్చోకుండా లేచి వెళ్లిపోవడం, అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. నా శంఖం సామెత తలుచుకుని నాలుక కరుచుకున్నాను. రేపు ఆఫీసర్ ఒకటి అడిగితే ఈయన ఇంకొకటి చెప్పి, చుట్టూ ఉన్నవాళ్లు నవ్వితే? చెవిటి సిద్దిరాములు అని మా ఊళ్లో ఒకసారి పేరు పడితే చచ్చేదాకా పోదు.

బిడ్డను చాయ్ పెట్టమని లోపలికి పంపి, ఆయన ఎదురుగా కూర్చున్నాను.

“నేను పో అనలే. పోశవ్వా అన్న. మా పోశవ్వ కనవడ్డది,” అని మొహంలోకి చూస్తూ నిదానంగా చెప్పాను.

ఆయన కాగితాన్ని మడతలు పెడుతూ కూర్చున్నాడు. కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు.

“రెండేండ్ల సంది నీ మాట సగమే ఇనవడ్తుంది కమలా,” అన్నాడు. “మిగిలిన సగం నేనే కలుపుకుంటున్న.”

ఏం కలుపుకుంటున్నావని అడిగాను.

“మంచియే కలుపుకుంటున్న.”

ఆ రెండేళ్లూ నేనేమన్నానో నాకు తెలుసు. పనికిరాని మనిషివన్నాను, నీతో వేగలేనన్నాను. వాటికే ఆయన ఊఁ అని నవ్వేవాడు. ఆ నవ్వును వెటకారమనుకుని ఇంకో నాలుగు తిట్టేదాన్ని. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఆయన పరేషానై, సరే చలాను కట్టేద్దాంలే, దానికి ఏడుపెందుకు అన్నాడు.

చలాను కట్టెయ్యమని ప్రవళికకు చెప్పాను. సోమవారం చెవుల డాక్టరు దగ్గరికి పోదామని ఆయనకు రెండుసార్లు చెప్పాను.

“డాక్టర్ మంచిగ జేస్తే ఇగ నువ్వన్నయన్నీ ఇనవడ్తయి గద,” అన్నాడు, కొంచెం భయంగానే.

“ఇనవడనియ్. జర మంచిగ మాట్లాడుత,” అన్నాను.

సోమవారానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. ఈలోపు నేను అలవాటు చేసుకోవాలి.