ఆగిన మగ్గం, ఖాళీ మగ్గం

నేతగాడు నాగప్ప మగ్గం మీది చీర చేజారిన రోజు ఉదయం వసంత పదకొండో టూల్‌కు వివరణ రాస్తోంది. గద్వాల చేనేత సంఘం ఆఫీసులో కిటికీ పక్క బల్ల ఆమెది. నలభై రెండేళ్ల మనిషి. భుజాలు కాస్త ముందుకు వంగి ఉంటాయి. చిన్నప్పటి నుంచి కండెలు చుట్టిన చెయ్యి కావడం వల్ల కుడి మణికట్టు ఎముక కొంచెం లేచి కనిపిస్తుంది. రాసేటప్పుడు ఆమె పెదవులు కదులుతాయి. ఒక వాక్యం రాసి, లోపలే చదువుకుని, ఒక మాట కొట్టేసి, మళ్లీ చదువుతుంది.

సంఘం ఏడాది కిందట ఏఐ ఏజెంట్‌ను పెట్టుకుంది. కొనేవాళ్లతో మాట్లాడేదీ, ఏ ఆర్డర్ ఏ మగ్గానికి ఇవ్వాలో తేల్చేదీ అదే. దానికి మగ్గం కనిపించదు, మనిషి కనిపించడు. అది చేసే ప్రతి పనికీ ఒక టూల్ ఉంటుంది. ఆ టూల్ ఏం చేస్తుందో, ఎప్పుడు వాడాలో వసంత రాసిన నాలుగు వాక్యాలే దానికి తెలుసు. ఇరవై ఏళ్లుగా ఆమె గోడకు అంటించిన నోటీసులను ఎవరూ చివరిదాకా చదవలేదు. ఇది చదువుతుంది. రాసింది రాసినట్టే చేస్తుంది. ఆ సంగతి ఆమెకు లోలోపల గర్వంగా ఉండేది.

పది గంటలకు నాగప్ప భార్య బుజ్జమ్మ వచ్చింది. కర్నూలు బస్సు దిగి నేరుగా వచ్చినట్టుంది. చీర కుచ్చిళ్లు నలిగి, కళ్ల కింద నల్లగా ఉంది. ఫోన్ బల్ల మీద పెట్టింది. పది రోజులుగా నేత లేనందున మీ మగ్గం ఖాళీగా నమోదైంది, ఆర్డర్ వేరే మగ్గానికి మార్చాం, నేసినంత కోసి మిగిలిన పట్టు తీసుకోవడానికి సాయంత్రం మనిషి వస్తాడు అని ఏజెంట్ పంపిన సందేశం.

"ఖాళీ అని ఎవలు చెప్పిన్రు వసంతా? చీర మగ్గం మీదనే ఉంది. ఆయన కర్నూలు దవాఖానల ఉన్నడు, గంతే. నేనొచ్చి నేస్త, కొయ్యనియ్యకు అని చెప్పి తోలిండు."

ఆర్డర్లు మార్చే టూల్‌కు తాను రాసిన వివరణను వసంత తెరిచింది. 'పది రోజులు నేత లేని మగ్గం ఖాళీ. దాని ఆర్డర్‌ను వేరే మగ్గానికి మార్చు.' సగం నేసిన చీర ఉన్న మగ్గం ఖాళీ కాదని ఆమె పుట్టిన నేతగాళ్ల వాడకట్టులో పిల్లలకు కూడా తెలుసు. జబ్బు చేస్తే మగ్గం ఆగుతుంది. ఇంట్లో చావు జరిగితే పదకొండు రోజులు ఎవరూ తాకరు. అందరికీ తెలిసిన సంగతి కాబట్టే ఆమె రాయలేదు.

ఆర్డర్‌ను తన చేత్తో నాగప్ప పేరు మీదికి తిప్పింది. కానీ ఏజెంట్ రోజూ సాయంత్రం ఐదుకు మగ్గాలన్నీ చూస్తుంది. వివరణ మారకపోతే మళ్లీ తీసేస్తుంది. ఐదులోపు మారుస్తానని వసంత చెప్పింది. అది విని బుజ్జమ్మ తల ఊపి, కర్నూలు బస్సుకు వెళ్లిపోయింది.

వసంత మొదట 'మనిషి జబ్బుపడితే మార్చకు' అని చేర్చింది. నాగప్పదీ కలిపి పన్నెండు మగ్గాల సంగతులు ఇచ్చి పరీక్షించింది. ఎవరికి జబ్బు చేసిందో ఏజెంట్‌కు ఎవరు చెప్పాలి? పరీక్షలో అది నాగప్ప చీరను మళ్లీ తీసేసింది. 'అనుమానం ఉంటే మార్చకు' అని రాసింది. ఈసారి అది ఏదీ మార్చలేదు. మూడు నెలల కిందట వనపర్తికి వెళ్లి దుకాణం పెట్టుకున్నవాడి మగ్గానికి కూడా పెళ్లి చీర ఆర్డర్ అలాగే ఉంచింది. తిండి డబ్బా విప్పకుండానే రెండు దాటింది.

మేనేజర్ గిరిధర్ వచ్చి వెనక నిలబడ్డాడు.

"నాలుగు ముక్కలు రాయనీకి పొద్దంత కావాల్నా? నీకన్న మగ్గమే నయం, దినాం జానెడన్న నేస్తది."

"మన వాడకట్ల పుట్టినోనికి చెప్పినట్ల రాసిన సార్. గదే తప్పయింది. ఏం తెల్వనోనికి చెప్పినట్ల రాయాలె."

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వసంత పాతదంతా తుడిచేసి మొదటి నుంచి రాసింది.

'ఈ టూల్ మగ్గం నుంచి ఆర్డర్‌ను తీసేస్తుంది. మధ్యలో కోసిన చీర మళ్లీ చీర కాదు. నేత ఆగినంత మాత్రాన మగ్గం ఖాళీ కాదు. ముందు నేసే మనిషికి ఫోన్ చేసి అడుగు. జవాబు రాకపోతే మార్చకు, వసంతకు చెప్పు. ఇంట్లో చావు జరిగితే పదకొండు రోజులు ఏమీ అడగకు. మగ్గం వదిలేశామని వాళ్లే చెప్పినప్పుడు మాత్రమే ఈ టూల్ వాడు.'

నాలుగూ నలభైకి పన్నెండు పరీక్షలూ సరిగ్గా వచ్చాయి. ఐదుకు ఏజెంట్ మగ్గాలు చూడటం మొదలుపెట్టింది. తెర మీది జాబితాలో నాగప్ప వరుస దగ్గర ఆగింది. ఆర్డర్‌ను కదపలేదు. 'అడుగుతున్నాను' అని చూపించింది.

కాసేపటికి వసంత ఫోన్ మోగింది. బుజ్జమ్మ.

"మీ మిషన్ ఆయన ఫోన్‌కు చేసింది. మగ్గం ఎప్పుడు నడుస్తదని అడిగింది."

"ఏం చెప్పినవక్కా?"

"ఆయన నాలుగింటికి పోయిండని చెప్పిన." ఆమె గొంతు తగ్గించి అడిగింది. "చీర కోస్తరా వసంతా?"

"కొయ్యరు. నువ్వు చెప్పేదాక ఎవలు ముట్టరు."

ఫోన్ పెట్టేసి వసంత తెర వైపు చూసింది. నాగప్ప వరుసలో కొత్త మాటలు చేరాయి. 'ఇంట్లో చావు. పదకొండు రోజులు అడగను.' గిరిధర్ లేచి ఫ్యాన్ ఆపాడు. చెప్పులు వేసుకుని, గుమ్మం దగ్గర ఆగి, ఆమె రావడం లేదని చూసి వెళ్లిపోయాడు.

ఆమె వరుసను చివరిదాకా చదివింది. పన్నెండో రోజున ఎవరిని అడగాలన్న గడిలో నాగప్ప పేరే ఉంది. ఆ పేరును ఆమె ఇంకా మార్చలేదు.