నమ్మదగ్గ జ్వరం

మా స్కూల్లో ఎవరు సెలవు పెట్టినా జ్వరమే. పెళ్లికి పోతే జ్వరం, మేక ఈనితే జ్వరం, కోటప్పకొండ తిరనాళ్లకి పోయొస్తే జ్వరం. ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా లీవ్ లెటర్ ఒక్కటే: 'యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్'. టీచర్ బోర్డు మీద రాస్తుంది, పిల్లలు దించుకుంటారు, ఆ ఏడాదంతా తేదీలు మార్చి వాడుకుంటారు. ఫిబ్రవరిలో మిరప కోతలప్పుడు మా రిజిస్టరు ఎవరైనా చూస్తే మా స్కూలున్న నకరికల్లుకి ఏదో అంటురోగం తగిలిందనుకోవాలి.

నన్ను అక్కడ పెట్టుకున్నది రాయడం నేర్పడానికి. నరసరావుపేటలో ఒక పోటీ స్కూలు 'ఒకటి నుంచి పది వరకు రైటింగ్ స్కిల్స్' అని ఫ్లెక్సీ కట్టింది. వెంటనే మా కరస్పాండెంట్ మల్లికార్జునరావు గారు అంతకంటే పెద్ద ఫ్లెక్సీ కట్టించారు. కట్టించాక, నేర్పేవాళ్లు కూడా ఉండాలని గుర్తొచ్చింది. నేను కంప్యూటర్ సైన్స్‌లో బీటెక్ చేశాను. హైదరాబాద్‌లో నా ప్రాజెక్టు మూసేశాక పేటలో మా ఇంట్లో కూర్చుని అప్పటికి అందరి ఫోన్లూ బాగుచేస్తూ ఉన్నాను.

"నువ్వు కంపెనీలో ప్రోగ్రాములు రాశావంట గదమ్మా జెబా?" అన్నారు ఇంటర్వ్యూలో.

"రాశాను సార్."

"మరింకేం! రాసేవాళ్లకి ఏదైనా ఒకటే."

మొదట అన్ని తరగతుల వాళ్లనీ 'మా అమ్మ' మీద రాయమన్నాను. స్కూలంతటికీ అమ్మ ఒక్కతేనని తేలింది. ఆమె త్యాగమూర్తి, కోడి కూయకముందే లేస్తుంది, కొవ్వొత్తిలా కరుగుతుంది. గైడు ఒకటే మరి.

అందుకే లీవ్ లెటర్ పట్టుకున్నాను. పిల్లలు నిజంగా అవసరం పడి రాసేది అదొక్కటే. రూలు చిన్నది: తెలుగులో, అసలు కారణం రాయాలి, మీరు తప్ప ఇంకెవరూ చూడని సంగతి ఒకటి అందులో ఉండాలి. ఒకటో తరగతి వాళ్లు బొమ్మ వేసినా చాలు.

జమాల్ అనే ఒకటో తరగతి బుడ్డోడు మేక బొమ్మ వేసి కింద 'ఈనింది' అని రాశాడు. నాలుగో తరగతి ఫరా 'మా పిన్ని పెళ్లిలో ఐస్‌క్రీమ్ అయిపోయింది, మా నాన్న వంటాయన మీద అరిచి మళ్లీ ఆయన దగ్గరే కూర్చుని తిన్నాడు' అని రాసింది. ఏడో తరగతిలో ఒకడు 'మా బాబాయి పార్టీ మీద అలిగాడు, బతిమాలడానికి ఇంటిల్లిపాదీ పోయాం, కూల్‌డ్రింక్ తాగి వచ్చాం' అన్నాడు. ఆ నెల జీతం తీసుకోవడానికి నాకు మొహమాటం అనిపించలేదు.

పదో తరగతి భవిత లెటర్ అన్నిటికన్నా ముందుంది.

'మిరపకాయలు కోయడానికి పోయినందున బడికి రాలేకపోయాను. కూలోళ్లు దొరకలేదు. సాయంత్రానికి చేతులు మండిపోయాయి. బకెట్ నీళ్లలో పెట్టుకుని కూర్చుంటే నీళ్లు కూడా వేడెక్కినట్టు అనిపించింది. అన్నం కలుపుకోలేకపోతే మా నాయనమ్మ చంటిపిల్లకి పెట్టినట్టు ముద్దలు పెట్టింది.'

పదికి తొమ్మిది వేశాను. అక్కడితో ఊరుకోక, తీసుకెళ్లి కరస్పాండెంట్ గారి టేబుల్ మీద పెట్టాను. ఆయన మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయారు.

"ఏందమ్మా ఇది?"

"చివరిదాకా చదవండి సార్, ఎంత బాగా రాసిందో."

"బాగా రాయటం కాదు, రాసిచ్చింది! ఈ పిల్లకి అసలే హాజరు చాలదు. జొరమైతే మెడికల్ అని సర్దుతాం. మిరపకాయల్ని దేని కింద సర్దమంటావు?"

"నిజం సార్ అది."

"నేను కాదన్నానా? నాకూ ఉంది మిరప తోట. రేపు ఏ ఆఫీసరో వచ్చి ఇది చూస్తే, మల్లికార్జునరావు బళ్లో పిల్లల్ని కోతలకి తోలుతున్నాడంటాడు." ఆ కాగితాన్ని ఒక వేలితో నా వైపు నెట్టారు. "సోమవారానికి జొరమని రాయించుకురా. లేకపోతే ఆ పిల్లకి హాల్ టికెట్ ఇయ్యను. ఆఁ, నమ్మేట్టుండాల. పోయినేడు అందరి లెటర్లూ ఒకే ముక్కలని పైనోళ్లు తిప్పి పంపారు. నువ్వు నేర్పేది అదే గదా?"

సాయంత్రం భవిత వాళ్ల కల్లానికి పోయాను. ఆరబోసిన కాయల్లోంచి తనూ, నాయనమ్మ బుల్లెమ్మా తాలుకాయలు ఏరి పక్కన పడేస్తున్నారు. నాకు అక్కడ అడుగుపెట్టగానే దగ్గు. చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుని జరిగింది చెప్పాను. సార్ మొదటి లైను దాటలేదని కూడా చెప్పాను.

"జొరమని రాయి భవితా."

"మీరే గదా మేడం నిజం రాయమంది."

"అన్నాను. ఇప్పుడు పరీక్ష..."

"అయితే నిజం పరీక్షకి రాదా మేడం? ముందే చెబితే వదిలేసేవాళ్లం గదా."

బుల్లెమ్మ చేతిలో కాయ విసిరింది. "ఒసేయ్, పంతులమ్మతో ఏందే ఆ మాటలు! జొరమని రాస్తే జొరం వచ్చిద్దా ఏంది? పాలిటెక్నిక్ పాలిటెక్నిక్ అని ఏడాది నుంచి నా చెవులు కొరికింది నువ్వే. హాల్ టికెట్ రాకపోతే ఈ కల్లమే నీ కాలేజీ. రాయవే!" నా వైపు తిరిగింది. "నువ్వు జెప్పమ్మాయ్ ఏం రాయాలో. ఇది రాసిద్ది."

రాయడం నేర్పడానికి నాకు జీతం ఇస్తున్నారు. "నమ్మేలా రాయి," అన్నాను. పాఠం అంతే. బస్సు టైమైందని వచ్చేశాను.

సోమవారం భవిత తనే కరస్పాండెంట్ గారికి కాగితం ఇచ్చి చేతులు కట్టుకుని నిలబడింది. ఆయన ఈసారి ఆగకుండా చదివారు. సగంలో కుర్చీలో ముందుకు జరిగారు. చివరికొచ్చేసరికి కళ్లజోడు తీశారు.

"'చంటిపిల్లకి పెట్టినట్టు ముద్దలు పెట్టింది'... అబ్బ! ఎంత బాధపడ్డావు తల్లీ. మాకు ఒక మాట చెప్పొద్దా? ఇప్పుడెట్టా ఉంది?"

"తగ్గింది సార్."

"హాల్ టికెట్ సంగతి నేను జూసుకుంటా, నువ్వు ఆరోగ్యం జూసుకో." అటెండర్ని పిలిచి కొబ్బరిబోండాం తెప్పించారు. స్ట్రా కూడా ఆయనే వేశారు.

కాగితం నా చేతికొచ్చింది. 'జ్వరం వచ్చినందున బడికి రాలేకపోయాను. సాయంత్రానికి చేతులు మండిపోయాయి. బకెట్ నీళ్లలో పెట్టుకుని కూర్చుంటే...'

వరండాలోకి వచ్చాక భవితని ఆపాను. "ఇది పాతదే గదా?"

"మొదటి లైను మార్చి, కూలోళ్లని తీసేశా మేడం." బోండాంలో అడుగున మిగిలింది గట్టిగా పీల్చింది. "మిగతాది బాగానే ఉందన్నారుగా మీరు. ఎందుకు పాడు చేసుకోవటం?"

మర్నాడు అసెంబ్లీలో ఆ లెటర్ చదివించారు. జ్వరమంటే ఇట్టా ఉండాలని కరస్పాండెంట్ గారు స్కూలంతటికీ చెప్పారు. ఆ వారం వచ్చిన లీవ్ లెటర్లన్నిటిలో జ్వరమే. కాకపోతే ఎవరి జ్వరం వాళ్లదే. ఒకరికి ఫ్యాను రెండుగా కనపడింది, ఒకరికి పచ్చడి చప్పగా తగిలింది. జమాల్ మళ్లీ మేక బొమ్మే వేశాడు. ఈసారి మేక నోట్లో థర్మామీటర్ ఉంది.

భవితకి హాల్ టికెట్ వచ్చింది. దాంతోపాటు నకరికల్లు సెంటర్లో ఫ్లెక్సీ కూడా లేచింది. ఒక పక్క భవిత ఫోటో, ఇంకో పక్క ఆ లెటర్ మొత్తం, పైన 'మా విద్యార్థుల రచనా నైపుణ్యం', కింద అడ్మిషన్లకు ఫోన్ నంబరు. పరీక్షలు అయిపోయిన మర్నాడు నేను దాని కిందే పేట బస్సు కోసం నిలబడితే, కోతలకి పోయే ఆటో ఒకటి వచ్చి ఆగింది. లోపల తలకి తువ్వాలు చుట్టుకుని భవిత, పక్కన బుల్లెమ్మ. ఎదురు సీట్లో ఒకామె ఫ్లెక్సీని చూసి భవితని అడుగుతోంది.

"ఏమే, జొరం తగ్గిందా?"

"తగ్గింది పిన్నీ," అంది భవిత, అప్పటికి ఎన్నిసార్లు చెప్పిందో అంత విసుగ్గా.

బుల్లెమ్మ నన్ను చూసి ఆటోలోంచి తల బయటపెట్టింది.

"ఏందమ్మాయ్, కాయలు కోసి చేతులు మండినయ్యంటే కసిరాడు. జొరానికి మండినయ్యంటే బజార్లో బొమ్మేశాడు మీ సారు. దీని చెల్లెలికి పదో తరగతి వచ్చే ఏడే. దానికి ఏ రోగం బాగుంటదో ఇప్పుడే నేర్పించు!"