మూడో గదిలో కుర్చీ

అద్దాల పెట్టెను తడిగుడ్డతో తుడిచి, ఆ వెంటనే పొడిగుడ్డతో లాగెయ్యాలి. ఏ కాస్త ఆలస్యమైనా చారలు పడతాయి. మ్యూజియం తలుపులు తెరవడానికి ఇంకా పావుగంట ఉంది. మూడో గది కాపలాదారు పదకొండు పెట్టెలు తళతళలాడేలా తుడిచి, పన్నెండో దాని దగ్గరికి రాగానే ఎప్పటిలాగే మొహం పక్కకు తిప్పుకుని, చేత్తో తడుముకుంటూ తుడిచాడు. చూసినవాళ్లు పాపం మెడ పట్టేసిందనుకుంటారు.

అక్కడ అందరూ ఆయన్ని కుర్చీ బాబాయ్ అంటారు. సన్నటి మనిషి. మోకాళ్ల దగ్గర నునుపెక్కిన నీలం ప్యాంటు, చొక్కా జేబులో రెండు కళ్లజోళ్లు. ముప్పై ఏళ్లుగా ఆ గదిలో ఆ చెక్క కుర్చీయే ఆయన ఉద్యోగం. దాని మీద పాత దుప్పటిని నాలుగు మడతలు వేసి భార్య కుట్టిచ్చిన మెత్త ఉంటుంది. కుర్చీ వీపు ఎప్పుడూ పన్నెండో పెట్టె వైపే.

ఇవాళ ఉద్యోగానికి ఆఖరి రోజు. పొద్దున్న అన్నం డబ్బా చేతికిస్తూ భార్య నిలదీసింది.

"ఇవాళైనా నోరు విప్పుతారా, ఆ బరువు ఇంటికి మోసుకొస్తారా?"

"చూద్దాంలే."

"ఇన్నేళ్లూ చూస్తూనే ఉన్నారుగా! దాన్ని వెంటబెట్టుకొస్తే మాత్రం గుమ్మం దగ్గరే ఆపేస్తాను, చెప్తున్నా."

ఆ బరువు కథేమిటంటే, చేరిన రెండో ఏడు పెట్టెలు తెరిచి శుభ్రం చేసే రోజున జరిగింది. పన్నెండో పెట్టెలో అరచేతిలో పట్టేంత మట్టిగిన్నెలు రెండున్నాయి. రెండింటికీ ధార పోసే కొమ్ములున్నాయి. ఒకటి దీపాల్లో నూనె పోసేది, రెండోది పసిపిల్లలకు పాలు పట్టే ఉగ్గుగిన్నె. వేల ఏళ్ల నాటివి. దుమ్ము దులుపుతుంటే వెనక నుంచి అధికారి "ఇంకా కాలేదా?" అని కసిరాడు. కంగారులో కుర్చీ బాబాయ్ పేర్ల కార్డులు పెట్టేసి తాళం వేయించాడు. మూడు రోజుల తర్వాత అదే అధికారి ఎవరో అతిథికి గుమ్మంలోంచే "పొడుగు కొమ్ముది నూనెగిన్నె" అని చెబుతుంటే విని, కార్డు చూసుకున్నాడు. కార్డులు తారుమారయ్యాయి!

చెబుదామంటే అప్పటికి ఉద్యోగం పర్మనెంటు కాలేదు. అయ్యాక, ఇన్నాళ్లూ ఎందుకు దాచావంటారని సిగ్గు. ఏళ్లు గడిచేకొద్దీ తప్పు కన్నా దాచడం పెద్దదైపోయింది. ఏటా ఆ పెట్టె తెరిచే రోజున సరిగ్గా కడుపునొప్పి వచ్చేది, సెలవు పెట్టేవాడు.

అన్నిటికన్నా తల్లుల్ని చూస్తే ఆయన ప్రాణం విలవిల్లాడేది. చంకలో బిడ్డతో వచ్చినవాళ్లు ఆ పెట్టె ముందు తప్పకుండా ఆగుతారు, కార్డు చదివి నవ్వుకుంటారు. అయ్యో, ఆ ప్రేమంతా నూనెగిన్నె పాలవుతోందే! ఇక ఉండబట్టలేక ఒక ఉపాయం పట్టాడు. పెట్టె ముందు ఆగినవాళ్ల పక్కకు చేరి, తల అవతలికి తిప్పుకుని గుసగుసలాడేవాడు. "చిన్న మాటండీ. ఆ కార్డులు తారుమారయ్యాయి. దీనిది దానికి, దానిది దీనికి చదువుకోండి."

తలుపులు తెరిచారు. ఈ మ్యూజియానికి టికెట్టు లేదు. అదేం చిత్రమో, ఊరికే రమ్మంటే మనుషులకు అనుమానం. గుమ్మంలో ఒకాయన జేబు పట్టుకుని నిలబడిపోయాడు.

"టికెట్లు ఎక్కడిస్తారండీ?"

"టికెట్టు లేదండీ, లోపలికి రండి," అన్నాడు తలుపు దగ్గరున్న కుర్చీ బాబాయ్.

"అయితే బయటికి పోయేటప్పుడు పట్టుకుంటారా?"

"మ్యూజియం మీదేనండీ. మీ సొంతింట్లో మిమ్మల్నెవరు పట్టుకుంటారు?"

ఊరికే వచ్చేవాళ్లంటే కుర్చీ బాబాయ్‌కి మహా ఇష్టం. వానకు తలదాచుకోవడానికి వస్తారు, నీళ్లు తాగడానికి వస్తారు, మాట్లాడుకోవడానికి వేరే చోటు దొరక్క జంటలు వస్తాయి. ఒకసారి వానకు దూరిన దర్జీ ఒకడు, పూర్వకాలపు చొక్కా కుట్టు ముందు అరగంట కదలకుండా నిలబడి, "నాకన్నా మొనగాడు" అని చెప్పి వెళ్లాడు. ఆ మాట ఆయన నెల రోజులు తలుచుకున్నాడు.

పదకొండింటికి ఒక యువతి బిడ్డను భుజాన వేసుకుని వచ్చింది. పన్నెండో పెట్టె ముందు ఆగింది, కార్డు చదివి నవ్వింది. కుర్చీ బాబాయ్ లేచి వెళ్లి, గోడ వైపు చూస్తూ తన గుసగుస అప్పజెప్పాడు. ఆమె గిన్నెల్నీ ఆయన్నీ మార్చి మార్చి చూసి, "అలాగా" అని వెళ్లిపోయింది.

ఆయన కూర్చున్నాడో లేదో రికార్డుల మేడం కాగితాలతో వచ్చింది.

"బాబాయ్, కొత్త కార్డులు, ఫొటోల పుస్తకం రేపు ప్రెస్సుకు వెళ్తున్నాయి. ఈ గదిలో తేడాలేమన్నా ఉంటే ఇప్పుడే చెప్పండి. తర్వాత నన్నంటే ఊరుకోను."

పుస్తకం! అంటే తన తప్పు అచ్చులోకి ఎక్కుతుంది. ఇక ఎన్ని గుసగుసలాడినా చెరగదు, గుసగుసలాడటానికి తనూ ఉండడు. భార్య గుమ్మంలో అడ్డం నిలబడినట్టే అనిపించింది.

"మేడం... ఆ పన్నెండో పెట్టె... నేనే..." అని మొదలుపెట్టి, కసిరిన అధికారి దగ్గర్నుంచి కడుపునొప్పుల దాకా అంతా కక్కేశాడు.

మేడం కోప్పడలేదు. ఆయన మోచెయ్యి పట్టుకుని పెట్టె ముందుకు నడిపించింది. "ముందు చూడండి."

ఎన్నో ఏళ్ల తర్వాత ఆయన అటు తిన్నగా చూశాడు. కళ్లజోడు మార్చుకుని మళ్లీ చూశాడు. పొడుగు కొమ్ము దాని కింద నూనెగిన్నె అని ఉంది. పొట్టి కొమ్ము దాని కింద, ఉగ్గుగిన్నె.

"తొమ్మిదేళ్ల కిందటే సరిచేశాం బాబాయ్."

"ఎవరు చెప్పారు మేడం?"

"అభిప్రాయాల పుస్తకంలో ఎవరో రాశారు, కార్డులు తారుమారయ్యాయని ఇక్కడెవరో చెప్పారని. పాత రిజిస్టరుతో సరిచూస్తే నిజమే. విచిత్రమేంటంటే, సరిచేశాక కూడా ఏటా ఒకరిద్దరు అదే రాస్తున్నారు. మేమూ ఏటా పెట్టె తెరిచి, బుర్ర గోక్కుని మూస్తున్నాం. ఆ పుణ్యాత్ముడెవరో ఇప్పుడు తెలిసింది!"

కుర్చీ బాబాయ్ వేళ్లు మడిచి లెక్కేసుకున్నాడు. అంటే తొమ్మిదేళ్లుగా తను సరైనదాన్ని తప్పని చెబుతున్నాడన్నమాట! మేడం నవ్వాపుకోలేక కాగితాలు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆయనకూ నవ్వొచ్చింది, నవ్వులోనే కళ్ల నీళ్లూ వచ్చాయి.

"నా నెత్తిన పాలు పోశారు మేడం," అన్నాడు. అంతలో ఉలిక్కిపడ్డాడు. "అయ్యో, ఆ అమ్మాయి!"

ముప్పై ఏళ్లలో మ్యూజియంలో ఆయన పరుగెత్తడం ఎవరూ చూడలేదు. ఐదు గదులు వెతికితే, బయట మెట్ల మీద బిడ్డకు పాలసీసా పడుతూ కనిపించింది.

"అమ్మా, నేను చెప్పింది తప్పు. మీరు మొదట చదివిందే నిజం," అన్నాడు రొప్పుతూ.

"నాకు తెలుసండీ బాబాయిగారూ," అందామె. "ఆ పొడుగు కొమ్ము పసిదాని గొంతులో దిగిపోదూ? ఏ తల్లి పెడుతుంది? పెద్దవారు కదా, కాదంటే బాగోదని ఊరుకున్నా."

ఆయన మెట్టు మీద చతికిలబడ్డాడు. ఇన్నేళ్లూ తల్లుల కోసం తను పడ్డ బాధను తలుచుకుంటే మళ్లీ నవ్వొచ్చింది. తేలికపడ్డ గుండెతో, బిడ్డ సీసా ఖాళీ చేసేదాకా అక్కడే కూర్చున్నాడు.

సాయంత్రం గంట మోగింది. కుర్చీ బాబాయ్ కిటికీలు వేసి, తాళాలు అప్పగించి, డబ్బా తీసుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి, ఏదో మరిచినవాడిలా వెనక్కి వచ్చి కాసేపు మూడో గదిలో గడిపాడు. మెత్త తీసుకెళ్లమని మేడం అంటే, తర్వాత కూర్చునేవాళ్లకు ఉండనివ్వండి అన్నాడు. వీధిలో జనంలో కలిసిపోయి, ఇంట్లో చెప్పాల్సిన మొదటి మాట పైకే అనుకుంటూ వెళ్లిపోయాడు.

దీపాలార్పడానికి మేడం మూడో గదిలోకి వెళ్లేసరికి, నాలుగు మడతల మెత్తతో ఆ చెక్క కుర్చీ, వీపు గోడకు పెట్టి, ఉగ్గుగిన్నెకు ఎదురుగా ఉంది.