డైరెక్టరు లేచి వెళ్లినా ఆగని సమావేశం

రాజధాని కార్యాలయం పెద్దలారా, మీ రూలు ఆ సోమవారం ఏటిపక్క సంతనంతా బురదకు అప్పగించబోయింది. కంప్యూటరు సమావేశం మీరే తెరవాలి, మీరే మూయాలి. మీరు లేస్తే కొండ కేంద్రాలన్నీ నోరు మూసుకోవాలి. ఇదేం పద్ధతి?

ఆ రోజు మీరు అలాగే లేచారు. వాన వదలడం లేదు. అగ్నిపర్వతం మెడ మీది బూడిద ఎప్పుడు జారుతుందోనని మేం తెరలకు అతుక్కుని ఉన్నాం. డైరెక్టరు అర్గూయో భోజనం వేళయిందని చెప్పి సమావేశం మూసేశాడు.

అది మూతపడలేదు. సోయిలా గువామాన్ మూతపడనివ్వలేదు.

సోయిలా మా కొండ కేంద్రంలో భూకంప శాస్త్రవేత్త. ఇక్కడ వాలుల మీద కాపలా కాసే రైతులు సాయంత్రాలు రేడియోలో పలకరించుకుంటారు. ఒకరి గొంతు అందకపోతే, విన్న పక్కవాడు ఆ మాట తిరిగి చెబుతాడు. ఎవరి అనుమతీ అడగడు. ఆ అలవాటునే ఆమె సమావేశం నడిపే ప్రోగ్రాములోకి ఎక్కించింది, వాళ్ల రేడియోలనూ అందులో కలిపింది. పెద్ద వెళ్లిపోతే పెత్తనం మిగిలినవాళ్లలో ఒకరికి పోతుంది. లైను బక్కచిక్కితే బొమ్మ పోతుంది, గొంతు ఉంటుంది. తెలివైనవాళ్లను చాలామందిని చూశాను. యంత్రానికి మర్యాద నేర్పిన మనిషిని ఈమెనే చూశాను.

పెత్తనం దేశం సరిహద్దు అవతల, పాస్తో ఊరి కేంద్రంలో ఉన్న శాస్త్రవేత్త మిరేయాకు పోయింది. శిఖరం కింద నేల అదురు కొలిచే యంత్రం గీత ఆమె తెరమీద పిచ్చిగా ఊగుతోంది. ఆ అదురు వానదో బురదదో తేలక, కళ్లతో చూసినవాళ్లను చెప్పమంది. పైనున్న కాపలాదారు అబ్దోన్ మాట ముక్కలుగా వచ్చింది. కింది వాలులో ఉన్న రోసాల్బా అందుకుంది.

"అబ్దోనన్న చూశాడంట. బురద వాగులో పడింది. సంత లేపెయ్యమంటున్నాడు. మీ డైరెక్టరు సూపు తాగొచ్చేదాకా అది ఆగదంట."

సోయిలా నవ్వలేదు. "రోసాల్బా వదినా, చర్చి గంట కొట్టించు. నేను సైరన్ వేస్తున్నా" అంది.

జనం బంగాళదుంప బస్తాలు వదిలేసి, పిల్లల్నీ కోళ్లబుట్టల్నీ ఎత్తుకుని గట్టెక్కారు. బురద వచ్చి అంగళ్లను ఊడ్చుకుపోయింది. మనుషులంతా మిగిలారు. భోంచేసి వచ్చిన డైరెక్టరుకు, తను మూసిన సమావేశంలో జనం ఇంకా మాట్లాడుకుంటూ కనిపించారు. అదే ఆయనకు నచ్చలేదు. మర్నాడు ఆ ప్రోగ్రాము తీసేయమని ఉత్తర్వు వచ్చింది.

సోయిలా ఇంకా తీయలేదు. తీయకపోతే ఉద్యోగం ఊడుతుందని మీరే అన్నారు. ఉత్తర్వు వెనక్కి తీసుకోండి. ఆమె పనిని ప్రతి కొండ కేంద్రంలోనూ పెట్టండి. కమిటీ వద్దు, పరిశీలన వద్దు. పైన ఇంకా బూడిద ఉంది, వాన పడుతూనే ఉంది. ఈ పూటే పెట్టండి.