ఇరవై రెండు చెవులూ, కమలాకర్ ఇటాలియనూ

నేను ఒక మైకుని. బొటనవేలంత ఉంటాను. నన్ను కాలరుకి తగిలించుకున్నవాడు గొణిగినా సరే, ఇయర్‌ఫోను పెట్టుకున్న ఇరవై రెండు మంది చెవుల్లో స్పష్టంగా వినిపిస్తుంది. ఫ్యాక్టరీలో నన్ను బిగించిన అమ్మాయి నాలోకి పలికిన మొట్టమొదటి మాట "ఆకలేస్తోంది". అప్పటినుంచీ మనుషులు చెప్పాలనుకున్నవాటికంటే చెప్పకూడదనుకున్నవే ఎక్కువ విన్నాను.

ఒక మ్యూజియంలో, ఒక ఓడలో పనిచేశాక, ఇటలీలోని పీసా ఊళ్లో కమలాకర్ కాలరెక్కాను. అతనిది ఏలూరు. స్థానిక గైడు బెయాట్రిచె ఇటాలియన్‌లో చెప్పేది తెలుగు యాత్రికులకు తెలుగులో చెప్పడం అతని ఉద్యోగం. చిక్కల్లా ఒక్కటే. అతను ఇటాలియన్ నేర్చుకున్నది హోటల్ వంటగదిలో. ఉల్లిపాయలు, నూనె, మంట గురించి అయితే గడగడా మాట్లాడతాడు. శిల్పాలూ శతాబ్దాలూ అంటే ఒక్క ముక్క ఎక్కదు. అలాగని ఊరుకునేవాడూ కాదు.

ఆరోజు గుంపులో తెనాలి మందాకిని టీచర్ ఉన్నారు. ముప్ఫై ఏళ్లు సోషల్ చెప్పి రిటైరయ్యారు. బాప్టిస్ట్రీలో, అంటే బాప్తిస్మమిచ్చే గుండ్రటి మందిరంలో, పాలరాతి ప్రసంగవేదిక ముందు బెయాట్రిచె ఐదు నిమిషాలు మాట్లాడింది. కమలాకర్ గొంతు సవరించుకున్నాడు.

"ఈ స్తంభాల కింద సింహాలు చూశారా అండీ? ఈ శిల్పి సింహాల్ని పెంచేవాడు. ఒకటి ఆయన మేనల్లుణ్ణి తినేసింది."

అందరూ నోళ్లు వెళ్లబెట్టారు. నేను ఆ మాటలు మోశాను. అది నా పని. టీచర్ మాత్రం సింహాన్ని వదిలేసి అతన్నే చూశారు.

కాసేపటికి అతను బయటికెళ్లి భార్యకి ఫోన్ చేశాడు. "హిమజా, ఇవాళ సింహానికి మేనల్లుణ్ణి పెట్టేశాను. ఆవిడ చెప్పేది నాకు అర్థమైతేగా. పోయిన గుంపు ఫిర్యాదు చేసింది. వీళ్లూ చేస్తే ఉద్యోగం పోతుంది, దాంతో వీసా పోతుంది. నీకేమో ఏడో నెల."

నన్ను ఆపడం మరిచిపోయాడు. లోపల అందరూ విన్నారు. మేనల్లుడి దగ్గర పగలబడి నవ్వినవాళ్లు ఏడో నెల దగ్గర ఆగిపోయారు. చెవికేమీ తగిలించుకోని బెయాట్రిచె ఒక్కతే అయోమయంగా చూసింది.

అతను తిరిగి రాగానే ఒకాయన అడిగాడు. "మేనల్లుడి పేరేంటి బాబూ?"

కమలాకర్ కాలరు వంక చూసుకున్నాడు. నా పచ్చదీపం వెలుగుతూనే ఉంది. 

అందరూ బయటికొచ్చారు. పక్కనే ఉన్న పాత శ్మశానవాటికకి వెళ్లారు. పొడవాటి వసారాలు, గోడల నిండా పెచ్చులూడిన చిత్రాలు.

"కమలాకర్, కథలు కట్టకు," అన్నారు టీచర్. "ఈ గోడలిలా ఎందుకయ్యాయో ఆవిణ్ణి అడుగు. చిన్న చిన్న మాటల్లో చెప్పమను. తెలియని మాటొస్తే తెలియదను. తెలియదన్నవాణ్ణి నా క్లాసులో ఎప్పుడూ కొట్టలేదు."

అడిగాడు. బెయాట్రిచె ఈసారి నెమ్మదిగా చెప్పింది. వింటున్నకొద్దీ అతని ఊపిరి కుదుటపడడం నాకు తెలుస్తూనే ఉంది.

"రెండో ప్రపంచయుద్ధంలో గుండు పడి కప్పుకి నిప్పంటుకుందండి. కప్పంతా సీసం రేకులు. అవి కరిగి కాగిన నూనెలాగా గోడల మీదికి కారాయంట. రంగులు ఉల్లిపొరల్లాగా లేచిపోయాయి. ఈవిడ అమ్మమ్మ కిటికీలోంచి చూసిందంట. రాలిన ముక్కలు ఊళ్లోవాళ్లే ఏరారు. ఆ తర్వాత ఏదో మాట అందండి, అది నాకు తెలియదు."

బెయాట్రిచె రెండు అరచేతులూ గాల్లో అద్ది చూపించింది.

"అతికించారు," అన్నారు టీచర్.

చాలాసేపు ఎవరూ ఫొటోలు తీయలేదు.

తిరుగు బస్సులో టూరు కంపెనీ నుంచి టీచర్‌కి ఫోనొచ్చింది, గైడు ఎలా ఉన్నాడని. పక్కసీట్లో కమలాకర్ బిగుసుకుపోయాడు. "పొద్దున అబద్ధాలు చెప్పాడు, తర్వాత నిజం చెప్పాడు," అన్నారావిడ. "భాష నేర్పించండి. తీసెయ్యకండి."

తీసెయ్యలేదు. రోజూ పొద్దున్నే ఇటాలియన్ క్లాసుకి పంపారు.

ఇప్పుడు నా బ్యాటరీ ఉబ్బిపోయి, అతని సొరుగులో పాత తాళంచెవుల పక్కన పడి ఉన్నాను. పీసాలో ఆ రోజు తర్వాత మూడేళ్లలో నేను ఎక్కువసార్లు మోసిన మాట "తెలియదండి, కనుక్కుని చెప్తాను". ఆ మాట విని చెవిలోది పీకేసినవాళ్లు ఒక్కరూ లేరు.