లాంచీకి వెనకద్దం

ఆ సినిమా ఆఫీసుకి కథ పట్టుకొచ్చిన ప్రతివాడూ ముందు కత్తెర చేతిలో పడాల్సిందే. అతని అసలు పేరు ఎవరికీ అక్కర్లేదు. ఏడో తరగతిలో బడి మానేసి, ఇరవై ఏళ్లు సినిమా హాల్లో ప్రొజెక్టరు తిప్పినవాడు. జనం ఏ సీనుకి కుర్చీల్లో కదులుతారో, ఏ సీనుకి లేచిపోతారో గోడలో కంతలోంచి చూసి చూసి నేర్చుకున్నాడు. హాలు మూతపడ్డాక నిర్మాత తీసుకొచ్చి కథలు వినే కుర్చీలో కూర్చోబెట్టాడు. ఇక చూడండి, చదువుకున్నవాళ్ల మీద కసంతా అక్కడే తీర్చుకున్నాడు.

"మీవాడు మూడు సీన్లు కిటికీ దగ్గరే నిలబడ్డాడేం?"

"అంతర్మథనం సార్."

"అది లోపల జరుగుతుంది. బయటున్నవాడికి జలుబు చేసినట్టు కనిపిస్తుంది. వెళ్లిరండి."

అతుకు పట్టడంలో అతన్ని మించినవాడు లేడు. ఎత్తుకొచ్చిన కథకి ఎన్ని పూతలు పూసినా పాత కథ తాలూకు మేకొకటి ఎక్కడో మిగిలిపోతుందని అతని నమ్మకం. "మీ డాక్టరు గుమ్మంలోకొచ్చిన ప్రతివాడికీ సెల్యూట్ కొడతాడేమిటయ్యా? ఇంతకుముందు పోలీసా?" అని ఒకణ్ణి అడిగితే, వాడు మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

విన్న కథా, దానిమీద కత్తెర అభిప్రాయమూ రాసిపెట్టే ఆవిడకి రిజిస్టరమ్మ అని పేరు. తొమ్మిదేళ్లుగా పక్క బల్ల దగ్గరే కూర్చుంటుంది. ఎప్పుడన్నా నోరు తెరిస్తే కత్తెర ఒకటే అనేవాడు: "నువ్వు రాయమ్మా, ఆలోచించకు."

ఆ రోజు మాత్రం కథ చెప్పేది కత్తెరే. వినేది నిర్మాత. నచ్చితే ఈ ఏడాది తీసే చిన్న సినిమాకి అదే కథ, తెరమీద అతని పేరు. పొద్దున భార్య చొక్కా రెండుసార్లు ఇస్త్రీ చేసి ఇచ్చింది. "నువ్వు సినిమా వేస్తుంటే ఒక్కనాడూ రమ్మనలేదు. ఈసారి నీ పేరన్నా చూడనిస్తావా?" అంది. నిజమే, ఇరవై ఏళ్లలో ఆమె ఆ హాల్లో అడుగుపెట్టలేదు. ఆ బాధలోంచే తన కథ పుట్టిందని కత్తెర గట్టిగా నమ్మాడు.

చెప్పాడు. లాంచీ నడిపే ముసలాయనకి ఉద్యోగంలో ఆఖరి రోజు. ప్రయాణికులందరినీ రేవులో దింపేసి, ఎప్పుడూ లాంచీ ఎక్కని భార్యని ఎక్కించుకుని ఏటిమీద తిప్పుతాడు. ముందుకి రమ్మంటే ఆమె రాదు. చివరి బల్లమీదే కూర్చుంటుంది. ఎదురుగా ఉన్న అద్దంలో ఆమె ముఖం చూసుకుంటూ నడుపుతాడు.

నిర్మాత కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇన్నాళ్లూ ఎక్కడ దాచావయ్యా దీన్ని?"

"బాబాయ్," అంది రిజిస్టరమ్మ తలెత్తకుండానే, "లాంచీకి వెనకద్దం ఎందుకు?"

"నువ్వు రాయమ్మా..."

"రాస్తూనే ఉన్నాను. వెనకాల వచ్చేవాళ్లని అద్దంలో చూసుకోవాల్సింది రోడ్డుమీద కదా? ఏట్లో ఎవరొస్తారు?"

కలం పక్కన పెట్టి, బీరువాలోంచి పాత రిజిస్టరు తీసింది. పెద్దగా వెతకనవసరం లేకపోయింది.

"కథ తెచ్చింది గోడలకి రంగులేసే అతను. బస్సు డ్రైవరు ఆఖరి రోజు. ఖాళీ బస్సులో భార్య చివరి సీట్లో. వెనకద్దంలో ఆమె ముఖం. అభిప్రాయం..." అని ఆగింది.

"చదువమ్మా," అన్నాడు నిర్మాత.

"ఖాళీ బస్సు, ముసలి పెళ్లాం. ఎవడు చూస్తాడు? డబ్బాలో మిగిలిన రంగు ఇతని నోటికి పూసి పంపండి."

కత్తెరకి ఆ మనిషి గోళ్లలో ఇరుక్కున్న నీలిరంగు గుర్తొచ్చింది. కుర్చీ పాడవుతుందని పాత పేపరు పరిచి కూర్చోబెట్టాడు.

"ఒట్టు సార్, ఇది నా కథే. మా ఆవిడ ఎప్పుడూ..." అంటూ సగంలో ఆగిపోయాడు. అతుకు దొరికిన ప్రతి వెధవా సరిగ్గా ఇలాగే, ఇదే గొంతుతో ఒట్టేసేవాడు. వాళ్లు మెట్లు దిగేదాకా పగలబడి నవ్వేవాడు తను.

నిర్మాతకి కోపమన్నా రాలేదు. "కథ బాగుంది. అతన్ని పిలిపించు. ఫోన్ నువ్వే చెయ్యి, తిట్టింది నువ్వే కదా."

నంబరు రిజిస్టర్లోనే ఉంది. అవతల గోడ గీకుతున్న చప్పుడు ఆగింది.

"సినిమా ఆఫీసు. కథలు వినే..."

"ఆఁ, గుర్తున్నారండీ. పేపరు పరిచారు."

"నీ బస్సు కథ మళ్లీ చెప్పాలి. రేపు రా."

"వస్తానండీ. ఒక్క మాట. ఎవడు చూస్తాడన్నారు కదా అప్పుడు. మరిప్పుడు ఎవరు చూస్తారంట?"

కత్తెర ఇస్త్రీ చొక్కా అంచు నలిపాడు. నోటికి అందిన తిట్టేదీ ఆ మనిషికి సరిపోయేది కాదు.

"మా ఆవిడ చూస్తుంది," అని ఫోన్ పెట్టేశాడు. రిజిస్టరమ్మ వైపు తిరిగి, "ఇది మాత్రం రాయకు," అన్నాడు.

ఆమె అప్పటికే రాసేసింది.