రూలక్క దగ్గు

అట్టపెట్టెల ఫ్యాక్టరీలో ఆవిణ్ణి అందరూ రూలక్క అంటారు. చాటున కాదు, ఎదురుగానే అంటారు. ఆవిడకీ ఆ పేరు ముద్దుగానే ఉంటుంది. రోడ్డు మీద ఒక్క బండీ లేకపోయినా ఎర్రలైటు ఆరేదాకా కాలు కదపని మనిషి. ఇంట్లో ఎవరైనా చెప్పులు వంకరగా విడిస్తే అన్నం సయించదు. అలాంటి మనిషి రోజూ ఉదయం ఎనిమిదింటికి ఫ్యాక్టరీలో ఒక తప్పు చేస్తుంది. దగ్గుతుంది.

దగ్గడం తప్పెలా అయిందో చెప్పాలి. లోపలి హాల్లో అట్టలు కోసే ప్రెస్సులు ఎనిమిదున్నాయి. అట్ట పెట్టి, రెండు చేతులతో రెండు బటన్లూ ఒకేసారి నొక్కితేనే పైనున్న కత్తిపలక దిగుతుంది. రెండు చేతులూ బటన్ల మీదుంటే వేళ్ళు కత్తి కిందికి పోవు కదా, అదీ కిటుకు. కానీ అలా చేస్తే పని సాగదని అందరూ ఎడమ బటన్‌లో మడతపెట్టిన అట్టముక్క ఇరికిస్తారు. ఇక ఎడమచెయ్యి ఖాళీ, అట్టలు గబగబా తోసెయ్యచ్చు. ఆ ముక్కలు లేకుండా చూసి, రిజిస్టరులో 'అన్నీ బాగున్నాయి' అని సంతకం పెట్టడం రూలక్క ఉద్యోగం. ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి ఖళ్ళుమని దగ్గుతుంది. ఎనిమిది ముక్కలూ ఎనిమిది జేబుల్లోకి పోతాయి. పిల్లి మెడలో గంట ఎవరు కడతారని ఎలుకలు తలలు పట్టుకున్నాయట. ఇక్కడ పిల్లే కట్టుకుంది.

ఊరికే కట్టుకోలేదు పాపం. పదకొండేళ్ళు ప్రెస్సు మీద పనిచేసి, ఆరేళ్ళ కిందట తనిఖీకి మారిన కొత్తలో, చప్పుడు చెయ్యకుండా వెళ్ళి ముగ్గుర్ని పట్టుకుంది. మర్నాటి నుంచి భోజనాల బల్ల దగ్గర ఆవిడ కూర్చోగానే అందరికీ కడుపులు నిండిపోయేవి. పన్నెండు రోజులు గోడకేసి చూస్తూ తింది. పదమూడో రోజు అట్టదుమ్ముకి నిజంగానే దగ్గొచ్చింది. ఆ మధ్యాహ్నం ఎవరో కాస్త జరిగి చోటిచ్చారు. నలుగురితో నారాయణా అనమన్నారు పెద్దలు. ఈవిడ దగ్గింది, అంతే తేడా.

ఇప్పుడొచ్చిన చిక్కేమిటంటే, నాలుగో ప్రెస్సు మీద ఆవిడ అక్క కూతురు చేరింది. పందొమ్మిదేళ్ళ పిల్ల. ఉండేది పిన్ని ఇంట్లోనే, ఉద్యోగం వేయించిందీ పిన్నే. రెండు చేతుల పాఠం పదిసార్లు చెప్పి మరీ పంపింది. చేరిన వారానికి, బట్టలు నానెయ్యబోతే పిల్ల జేబులో మడతపెట్టిన అట్టముక్క దొరికింది. అది పట్టుకుని పిల్ల దగ్గరికి వెళ్ళింది.

"ఏమిటే ఇది?"

"అందరూ పెట్టుకునేదే పిన్నీ."

"నేనేం చెప్పాను నీకు?"

"నువ్వు చెప్పినట్టు చేస్తే నత్తమ్మ అని పేరు పెట్టారు. అయినా నువ్వు దగ్గుతావుగా, భయమేంటి?"

పిల్ల పరాచికంగానే అంది. ఆవిడకి మాత్రం ఒళ్ళంతా మంటెత్తింది. ఆ పూట ఇక కుదురు లేదు. సర్దినవే సర్దింది, తుడిచిందే తుడిచింది. వంటగదిలోకి పోతుంది, ఎందుకొచ్చిందో మరిచిపోతుంది, మళ్ళీ వచ్చి పిల్ల వేళ్ళకేసి చూస్తుంది.

మర్నాడు హాలు గుమ్మం దగ్గర నోరు బిగించుకుంది. దగ్గకూడదు. ఆరేళ్ళ అలవాటు ఊరుకుంటుందా? గొంతులో ఒకటే గరగర. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గుటకవేసి లోపలికి నడిచింది. అన్ని ప్రెస్సుల్లోనూ ముక్కలున్నాయి. ఒక్కొక్కటే లాగి రిజిస్టరు మీద పోగేసింది. యంత్రాలు ఆగిపోయాయి.

మొదటి ప్రెస్సు బట్టతలాయన నవ్వబోయాడు. "ఏంటక్కా, ఇవాళ గొంతు బాగైందా?"

ఎవరూ నవ్వలేదు. "పిన్నీ, నా పరువు తియ్యకు" అని పిల్ల గొణిగింది.

"రెండు చేతులతో పని సాగదని ఎవరన్నారు? లే" అని పిల్లని లేపి తనే కూర్చుంది. "చూడండి అందరూ."

అట్ట పెట్టి రెండు బటన్లూ నొక్కింది. కత్తి దిగింది. ఇంకోటి పెట్టింది. పరవాలేదు, సాగుతోంది. జనం చుట్టూ మూగేసరికి ఆవిడకి ఊపొచ్చింది, వేగం పెంచింది. పదో అట్టకో పదకొండో అట్టకో బటన్ నొక్కితే కత్తి దిగలేదు. విసుక్కుని మళ్ళీ నొక్కింది. దిగలేదు.

"పిన్నీ!" పిల్ల కెవ్వుమంది. "చెయ్యి!"

కుడిచెయ్యి బటన్ మీద ఉంది. ఎడమచెయ్యి కత్తి కింద ఉంది, నిమ్మళంగా అట్ట సర్దుతూ. ఎప్పుడెళ్ళిందో ఆవిడకి తెలియదు. ప్రెస్సు మీదున్నన్నాళ్ళూ ఆవిడా ముక్క ఇరికించినదే. కుర్చీ మారగానే ఆ సంగతి మరిచిపోయింది. చెయ్యి మరిచిపోలేదు. ముక్క తీసేసింది కాబట్టి వేళ్ళు దక్కాయి.

పిల్ల ఆ చేతిని బయటికి లాగి, వేళ్ళు ఒక్కొక్కటే తడిమి చూసి ఏడ్చేసింది. బట్టతలాయన తన ఎడమచేతిని చంకలో పెట్టుకున్నాడు. ఆవిడకి భయం కన్నా సిగ్గు ఎక్కువేసింది.

రిజిస్టరు తెరిచి 'బాగాలేవు' అని రాసింది. దాని పక్కన ఇంకో గడి ఉంది, 'లోపం ఎప్పటి నుంచి' అని. రోజూ అక్కడో గీత గీసి వదిలేసేది.

"ఇవాళ్టి నుంచి అని రాసెయ్యక్కా" అన్నాడు బట్టతలాయన మెల్లగా. "మామీద పడినా పర్లేదు. లేకపోతే నీ మెడకి చుట్టుకుంటుంది. ఇన్నేళ్ళ సంతకాలూ నీవే."

"అవును పిన్నీ, ఉద్యోగం పోతుంది" అంది పిల్ల ముక్కు తుడుచుకుంటూ. "ఎవరైనా అలాగే రాస్తారు."

"రాస్తారే. ఎవరైనా అలాగే రాస్తారు" అంది ఆవిడ.

ప్రెస్సు మీద పదకొండు, గుమ్మం దగ్గర ఆరు. 'పదిహేడేళ్ళ నుంచి' అని రాసి, కింద సంతకం పెట్టింది.